అన్న లాగిన నీలం కేబుల్

సిరొంచలో సావుకారమ్మ ఉప్పుడు బియ్యం మిల్లు పెట్టాలని నిర్ణయించుకున్నప్పుడు కరెంటు పని మొత్తం నా చేతిలో పెట్టింది. భర్త పోయిన తర్వాత దుకాణాన్నీ ధాన్యం వ్యాపారాన్నీ ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి ఆమె. మా నాన్న పండించిన వడ్లు ఎప్పుడూ వాళ్లకే వేసేవాడు కాబట్టి నన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును. నేను చంద్రపూర్‌లో డిప్లొమా చదివి, ఆ దగ్గరలోనే ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొన్నేళ్లు పనిచేసి, నాన్నకు చేతకాక ఇంటికి తిరిగొచ్చి ఉన్నాను. "నువ్వున్నవన్న ధైర్యంతోనే పెడుతున్న తమ్మీ" అందామె. నాకు మాత్రం, నా వెనక అన్న ఉన్నాడన్న ధైర్యం.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. నాకు అన్నదమ్ములు లేరు. ఆయనది అహేరి వైపు. కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక కంపెనీకి మా వైపు ఏజెంటు. సిమెంటు ఫ్యాక్టరీకి రిపేర్లకు వచ్చేవాడు. అక్కడ అందరం మరాఠీలోనో హిందీలోనో మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు నేను ఫోన్‌లో మా అమ్మతో మాట్లాడుతుంటే విని, పని ఆపి దగ్గరికొచ్చి "ఏ ఊరు తమ్మీ మనది?" అని అడిగాడు. ఆ "మనది" అన్న మాట నన్ను పట్టుకుంది. అప్పటి నుంచి ఆయన వస్తే నేను ఎక్కడున్నా వెళ్లి పక్కన నిలబడేవాణ్ని. ప్యానెల్ డ్రాయింగ్ చదవడం, యంత్రాలను నడిపించే కంట్రోలర్‌లో ప్రోగ్రాం రాయడం, చెడిపోయిన చోటును వాసన పట్టినట్టు పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా పెళ్లిలో అన్న వరసన నిలబడి బట్టలు పెట్టాడు. నాన్నకు ఒంట్లో బాగాలేని వానాకాలం, వాగులు పొంగి బస్సులు బందైతే, తన జీపులో చుట్టూ తిప్పి మంచిర్యాల దాకా తీసుకుపోయాడు. అలాంటి మనిషి మాటను పరీక్షించి చూడాలని ఎవరికి తోస్తుంది?

మిల్లులో మూడు షెడ్లు. ఒకదాంట్లో బాయిలర్, వడ్లు నానబెట్టే తొట్లు. రెండోదాంట్లో ఉడికిన వడ్లను ఆరబెట్టే డ్రయ్యర్. మూడోదాంట్లో పొట్టు తీసి పాలిష్ పట్టే యంత్రాలు. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. తొట్టి ఖాళీ అవుతున్న సంగతి డ్రయ్యర్‌కు తెలియాలి, డ్రయ్యర్‌కు ఎంత ఆవిరి కావాలో బాయిలర్‌కు తెలియాలి. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆఫీసు కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్. ఏ కంపెనీ యంత్రమైనా దాంట్లో దూరుతుంది, కేబుల్ ఏ టౌనులోనైనా దొరుకుతుంది. రెండోది, ఒక్కో కంపెనీ తనకంటూ చేసుకున్న సొంత దారి. తీగ వాళ్లదే, దానికి పెట్టే కార్డులు వాళ్లవే, అందులో పలికే భాష కూడా వాళ్లదే. దాన్ని కూడా, మనమెక్కే బస్సులాగే, బస్ అనే అంటారు. మొదటిసారి ఆ మాట విన్న సావుకారమ్మ, "ఊరికే సరిగ్గ బస్సు రాదు, మిల్లులకు బస్సేంది?" అని నవ్వింది.

నాకు ఈథర్‌నెట్ పెట్టాలని ఉండేది. సిమెంటు ఫ్యాక్టరీలో కొత్తగా వచ్చే యంత్రాలన్నిటికీ ఆ సాకెట్ ఉండటం చూశాను. రేపు ఇంకో కంపెనీ యంత్రం కొంటే ఇబ్బంది ఉండదని అన్నతో చెప్పాను. అన్న సావుకారమ్మ ఇంట్లో భోంచేస్తూ ఆమె ముందే జవాబిచ్చాడు. ఈథర్‌నెట్ ఏసీ గదుల్లో బతికేదని, ఊక దుమ్ములో, డ్రయ్యర్ వేడిలో ఆగదని అన్నాడు. అందులో కబురు ఎప్పుడు చేరుతుందో నమ్మకం లేదన్నాడు. తమ కంపెనీ బస్‌లో ప్రతి కబురుకూ సమయం కట్టేసి ఉంటుందన్నాడు. ఆ చివరి మాటలో కొంత నిజముంది. మోటార్లు లెక్కతప్పకుండా కలిసి తిరగాల్సిన చోట అది పెద్ద విషయమే. కానీ వడ్లు ఆరబెట్టడానికి రెప్పపాటు అటూ ఇటూ అయితే పోయేదేమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తెలిసీ చెబుతున్నాడంటే నాకు అందని కారణం ఇంకేదో ఉంటుందనుకున్నాను.

"గోదావరి అవతల కట్టే మిల్లుల కూడ ఇదే పెడుతున్న. పరేషాన్ కాకు తమ్మీ, నేను లేనా?" అన్నాడు. నేను సరేనన్నాను.

షెడ్డు నుంచి షెడ్డుకు నీలం రంగు కేబుల్ ఆయనే దగ్గరుండి లాగించాడు. కొబ్బరికాయ నాకు ఇచ్చి కొట్టించాడు. ఏటపల్లి, పెర్మిలి వైపు నుంచి కూడా వడ్ల లారీలు వచ్చేవి. కొన్నేళ్లు మిల్లు బాగానే నడిచింది. మధ్యలో సావుకారమ్మ, నల్ల గింజను ఏరేసే యంత్రం ఇంకో కంపెనీది కొన్నది. దానికి ఈథర్‌నెట్ సాకెట్ ఉంది, మా బస్‌తో అతకదు. బాయిలర్‌కు పెట్టిన కొత్త మీటరుదీ అదే కథ. కలిపే కార్డు ఒకటి వస్తుందని అన్న చాలాసార్లు అన్నాడు, అది రానే లేదు. అప్పటిదాకా బాయిలర్ దగ్గరి మనిషి డ్రయ్యర్ దగ్గరి మనిషికి ఫోన్ చేసి ఆవిరి ఎంతుందో చెప్పేవాడు. సిగ్నల్ లేకపోతే బయటికొచ్చి ఇనుప పట్టీ మీద కొట్టేవాడు. ఇంత ఖర్చుపెట్టి కట్టిన మిల్లులో బడి గంటలా పట్టీ కొట్టుకోవడమేమిటని నాకు చిన్నతనంగా ఉండేది. అన్నను మాత్రం తప్పుపట్టలేదు.

ఒక యాసంగిలో, తొట్ల నిండా వడ్లు నానుతుండగా, పొద్దున్నే డ్రయ్యర్ ప్యానెల్‌లో కార్డు ఆగిపోయింది. ఎర్ర దీపం తప్ప ఏదీ వెలగడం లేదు. మోటార్లను స్విచ్చు నొక్కి తిప్పవచ్చు కానీ ఆవిరి కవాటాలు, గాలి తలుపులు అన్నీ ఆ కార్డు నుంచే కదలాలి. అన్నకు ఫోన్ చేశాను. ఆయన కంపెనీని అడిగి మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. చేసి, ఆ రకం కార్డులు తయారుచేయడం ఆపేశారట, ఎక్కడైనా పాతది దొరుకుతుందేమో చూస్తానన్నాడు.

నానిన వడ్లు ఆగవు. ఉడికించి ఆరబెట్టకపోతే పులిసిపోతాయి. తొట్లలో నుంచి తీయించి ముందున్న సిమెంటు కళ్లం మీద పోయించాం. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు కాళ్లతో పాయలు తీస్తూ ఎండకు తిప్పుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికి ప్రాణహిత వైపు నుంచి మబ్బు పట్టింది. ఉన్న తాడిపత్రీ పట్టాలన్నీ కప్పాం, అవి చాలలేదు. వాన కురిసి వెలిసిన మర్నాటికి ఆ వాసన బజారు దాకా వచ్చింది. దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకుని పోతుంటే సావుకారమ్మ కళ్లం గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది. నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాణ్నేమో.

అప్పుడు నాకు గోదావరి అవతలి మిల్లు గుర్తొచ్చింది. మాతోపాటే కట్టినది, అదే బస్ పెట్టానని అన్న చెప్పినది. వాళ్ల దగ్గర మిగులు కార్డు ఉంటే అడిగి తెచ్చుకుందామని బండి మీద వంతెన దాటి వెళ్లాను. అక్కడి ఎలక్ట్రీషియన్ నా ఈడువాడే. మాది ఏ మిల్లో, నేను ఎవరి శిష్యుణ్నో చెబితే ఆదరంగా చాయ్ తెప్పించాడు. నేను కార్డు గురించి అడిగితే, ఏ కార్డు అన్నాడు. చెప్పడం కన్నా చూడటం మేలని నన్ను డ్రయ్యర్ దగ్గరికి తీసుకుపోయి ప్యానెల్ తలుపు తీశాడు.

నీలం కేబుల్ లేదు. ఈథర్‌నెట్ స్విచ్, అంటే కేబుళ్లన్నీ కలిసే పెట్టె, దాని నుంచి వరుసగా తీగలు. బాయిలర్ మీటరు, గింజలేరే యంత్రం, కంట్రోలర్, అన్నీ దానికే కలిసి ఉన్నాయి. మీద దుమ్ము పేరుకుని ఉంది, దీపాలు ఆడుతున్నాయి. నేను మొదట, తర్వాత ఎప్పుడో మార్చారనుకున్నాను. ఎప్పుడు మార్చారని అడిగాను.

"మార్చుడేంది, మొదటిసంది గిదే. మీ అన్ననే పెట్టిండు" అన్నాడు అతను. తర్వాత నా ముఖం చూసి కాబోలు, కొంచెం ఆగి వివరంగా చెప్పాడు. మొదట వాళ్ల సేటుకూ అన్న ఆ బస్సే చూపించాడట. సేటు హైదరాబాద్‌లో ఎవరినో అడిగి, ఒక్క కంపెనీకి కట్టేసే తీగ వద్దన్నాడట. అన్న వెంటనే ఒప్పుకున్నాడట. "'గది మంచి ఆలోచన సేటూ, ఆ బస్ ఎట్లయిన రెండు మూడేండ్లల్ల బందైతది, కంపెనీవాళ్లు మాకు చెప్పిన్రు' అన్నడు. నేను పక్కనే ఉన్న" అన్నాడు.

చాయ్ సగంలో వదిలేసి వచ్చేశాను. వంతెన మీద బండి ఆపి నిలబడ్డాను. కోపం రాలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో పక్కన నిలబడిన రోజుల దగ్గర నుంచి ఒక్కొక్కటే తీసి, ఇది నిజమా, ఇది అబద్ధమా అని చూసుకుంటున్నాను. నాన్నను జీపులో తీసుకుపోవడం నిజమే కదా. పెళ్లిలో కళ్లు తుడుచుకోవడం నిజమే కదా. మరి అదే మనిషి, అదే నెలల్లో, నదికి అటు ఒక మాట, ఇటు ఒక మాట ఎలా చెప్పగలిగాడు? మోసం చేసినవాడు మొత్తంగా చెడ్డవాడైతే సులువు. అలా కాకపోవడమే నన్ను తినేసింది.

సావుకారమ్మకు చెప్పాను. అంతా విని, "మా ఇంట్ల అన్నం తినుకుంట చెప్పిండు గద" అంది. కొంచెంసేపటికి, మిల్లును ఎట్లా బాగుచేయాలో నన్నే చూసుకోమంది. "నీకేది మంచిదనిపిస్తే అది పెట్టు తమ్మీ. కాని చెయ్యకముందు ఇంకొకల్లను సుత అడుగు." మొదటిసారి ఆమె నా మాటకు తోడు ఇంకో మాట కావాలంది. ఆమెది న్యాయమే. అయినా తగిలింది.

అడిగాను. సిమెంటు ఫ్యాక్టరీలో నా పాత సూపర్‌వైజర్‌ను, గోదావరి అవతలి ఎలక్ట్రీషియన్‌ను. ఇద్దరూ ఒకటే అన్నారు, ఈథర్‌నెట్ పెట్టు, కానీ తీగ ఒకటైనంత మాత్రాన భాష ఒకటైందనుకోకు. ఈథర్‌నెట్ మీద కూడా సొంత భాష పలికించే కంపెనీలున్నాయని, అందరికీ తెలిసిన భాషలో మాట్లాడే కంట్రోలర్‌నే తీసుకోమని హెచ్చరించారు. ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను.

కొత్త కంట్రోలర్‌కు పాత ప్రోగ్రాం కావాలి. ఎంత వేడి దగ్గర గాలి తగ్గించాలో, ఏ మోటారు ఆగితే ఏది ఆగాలో అంతా అందులోనే ఉంది. తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. అన్నకు ఫోన్ చేశాను. అవతలి మిల్లు సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అది కంపెనీ వేసిన తాళమని, తన దగ్గర కూడా లేదని అన్నాడు. కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, తాము ఎవరి ప్రోగ్రాంకూ తాళం వేయబోమని, వేసి ఉంటే అది ఏజెంటే వేసి ఉంటాడని మర్యాదగా చెప్పారు. ఫోన్ పెట్టేసి ఇంటికి వెళ్లాను. మా ఆవిడ ముఖం చూసి, మళ్లీ అన్నేనా అంది. అన్నే అన్నాను.

ప్రోగ్రాం మొదటి నుంచి మళ్లీ రాశాను. డ్రయ్యర్ ముందు కుర్చీ వేసుకుని, ఏది ముందు తిరగాలి, ఏది తర్వాత ఆగాలి అని ఆలోచించుకుంటూ, తొట్లలో వడ్లకు బదులు వట్టి నీళ్లు పోసి, ఒక్కో కవాటాన్నీ ఆడించి చూశాను. రాస్తుంటే నా చేతి నుంచి వచ్చేదంతా అన్న పద్ధతే. ఏదైనా తేడా వస్తే ఆగిపోయే దారి ముందు రాసి, ఆ తర్వాతే నడిచే దారి రాయాలని నేర్పింది ఆయనే. ఆయన తాళం వేసి దాచుకున్నదాన్ని, ఆయన నేర్పిన విద్యతోనే మళ్లీ కడుతున్నానని తెలుస్తూనే ఉంది. మధ్యలో చాలాసార్లు లేచి బయటికి పోయి నిలబడాల్సి వచ్చింది.

షెడ్ల మధ్య పిడుగుల భయం ఉంది కాబట్టి కరెంటు పాకని గాజుతీగ, అదే ఆప్టికల్ ఫైబర్, వేశాం. ఎలుకలు కొరకకుండా ఇనుప గొట్టాల్లో నుంచి లాగాం. స్విచ్ మాత్రం తొందరలో మార్కెట్లో దొరికిన మామూలుది పెట్టాను. డ్రయ్యర్ వేడికి వారం తిరక్కుండానే చచ్చింది. ఏసీ గదుల్లో బతికేదని అన్న చెప్పిన మాట చెవిలో మోగింది. ఆ వేడికీ దుమ్ముకూ తట్టుకునేలా చేసినవి వేరే ఉంటాయి, అలాంటిది తెప్పించి పెట్టాక మళ్లీ ఆగలేదు. మిల్లు మొదలైన రోజు బాయిలర్ దగ్గరి మనిషి డ్రయ్యర్ తెర మీద తన ఆవిరి అంకె చూసుకుని, "ఇగ నాకు ఫోన్ బాధ తప్పింది" అన్నాడు. సావుకారమ్మ వచ్చి చూసి, తల ఊపి వెళ్లింది.

ఎవరి ద్వారా తెలిసిందో, అన్న వచ్చాడు. పగటి పూట, మిల్లు నడుస్తుండగా. ప్యానెల్ తలుపు తీసి చూశాడు. కింద చుట్టచుట్టి పెట్టిన నీలం కేబుల్‌ను చూశాడు.

"నాకు చెప్పకుంట మార్చినవా తమ్మీ?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

"ఆ బస్ బందైతదని నీకు ముందుగాలనే ఎరుకేనా అన్నా?"

ఆయన అబద్ధమాడతాడనుకున్నాను. ఆడి ఉంటే బాగుండేదేమో. "ఎరుకే" అన్నాడు.

"మరి మాకెందుకు పెట్టినవ్?"

తలుపు మూసి, గడియ పెట్టి, అప్పుడు చెప్పాడు. "నది అవతల నా పని చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నేను కాకుంటే ఇంకొకడు. వాళ్లు అడిగింది ఇయ్యాలె. సిరొంచకు ఎవడొస్తడు చెప్పు? భామ్రాగడ్ నుండి సిరొంచ దాకా తిరిగేటోన్ని నేనొక్కన్నే. ఈథర్‌నెట్ పెడితే నువ్వే అన్ని జేసుకుంటవు. ఇగ నన్నెందుకు పిలుస్తవు?"

"తాళం కూడ అందుకేనా?"

"అది నా పని. నా పనికి నేను తాళం ఏసుకున్న. అండ్ల తప్పేంది?"

నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. పులిసిన వడ్ల గురించి, గట్టు మీద కూర్చున్న మనిషి గురించి, ఆమె నా మాట మీద పెట్టుకున్న నమ్మకం గురించి. అవన్నీ వదిలేసి, "పని లేకున్న నిన్ను పిలుస్తుంటిమి అన్నా. మా ఇంటికి" అన్నాను.

చాయ్ తాగిపొమ్మని నేను అనలేదు. ఎప్పుడూ అనకుండా పంపలేదు ఆయన్ని. జీపు తీసుకుని వెళ్లిపోయాడు. అహేరి దిక్కు మిల్లుల్లో, తన దగ్గర విద్య నేర్చుకుని తన పొట్ట కొట్టానని నా గురించి చెబుతున్నాడని తర్వాత వినపడింది.

ఈమధ్య ఆయన కంపెనీ మా జిల్లాలో ఏజెంట్లనే తీసేసింది. పాత సరుకు కొనేవాళ్లు లేరు, కొత్త సరుకు వాళ్లు నేరుగా అమ్ముకుంటున్నారు. ఆయనకు ముందుగా ఒక మాట కూడా చెప్పలేదట. ఆ సంగతి విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. కంపెనీ, ఆయన, ఈ ఇద్దరిలో ఎవరు ఎవరికి ఏం చెప్పి ఏం దాచారో అనే పాత లెక్క ఒకటి నాలో మళ్లీ లేచింది, అంతే.

కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశాడు. అహేరి పక్కన ఒక మిల్లులో, మాకు పోయినట్టే కార్డు పోయిందట. తొట్లలో వడ్లున్నాయట. ఈథర్‌నెట్‌కు మార్చేస్తానని మిల్లువాళ్లతో అన్నాడట, కానీ తనకు అలవాటు లేని కంట్రోలర్ అని, జర వచ్చి నిలబడతావా అని అడిగాడు. మా అన్న నన్ను సాయం అడగడం అదే మొదలు. నేను రానన్నాను. రాను కానీ చెప్తానన్నాను. ఏ రకం స్విచ్ తీసుకోవాలో, అందరికీ తెలిసిన భాష పలికే కంట్రోలర్ ఏదో, గాజుతీగ ఎక్కడ తప్పనిసరో, మామూలు కేబుల్ ఎక్కడ సరిపోతుందో అన్నీ చెప్పాను. ఆయన శిష్యుడిలా "ఆఁ, ఆఁ" అంటూ విన్నాడు. మధ్యలో ఒకసారి, నాన్న ఎట్లున్నాడని అడిగాడు. బాగున్నాడని చెప్పి, మళ్లీ కేబుల్ దగ్గరికే వచ్చాను.

ఆ మిల్లు నాలుగు రోజుల్లో నడిచిందని లారీ డ్రైవర్లు చెప్పారు. వడ్లు పాడుకాలేదట. మా ఆవిడకు చెబితే, పోయి నిలబడితే ఏం పోయేదని అడిగింది. సావుకారమ్మ ఇప్పుడు మిల్లుకు ఇంకో డ్రయ్యర్ కట్టిస్తోంది. దానికి ఏం పెట్టాలో నన్ను అడిగింది, నేను చెప్పాను. గోదావరి అవతలి ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిపించి అడిగింది. అతనూ నేను చెప్పిందే చెప్పాడు. "అయితె సరే" అని, అప్పుడు నా వైపు చూసింది.